రక్తచందనము – దేశాంతర వాణిజ్యము

కడప, చిత్తూరు, నెల్లూరు సీమల నడుమ వ్యాపించిన శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు, లంకమల – ఈ కొండలను ఆశ్రయించి పెరుగు చెట్టు ఒకటి కలదు. కర్నూలు, ప్రకాశము జిల్లాలలో కొంత మేరకును, పొరుగున తమిళ కన్నడ సీమల యంచులలో స్వల్పముగను అది కానవచ్చును. ఇంతకుమించి ప్రపంచమున మఱెక్కడను అది సహజారణ్యముగా లేదు. దానిని మనవారు ఎఱ్ఱచందనమనియు, వైద్యులు రక్తచందనమనియు పిలుచుచున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు దానికి టెరోకార్పస్ శాంటలైనస్ అని పేరిడిరి. పేరున చందనమేకాని మంచిగంధపు చెట్టునకును దీనికిని చుట్టరికము లేదు. ఇది మన యడవులలోని వేగిసకు దాయాది. ఈ చెట్టును గూర్చియు, దీనిని కాపాడుటకు దేశములు కూడి చేసికొనిన వాణిజ్య నిబంధనలను గూర్చియు నేడు కొంత ప్రస్తావింపదలచితిని.

చెట్టు కొండమీద నున్నది. కావలివాడును కొండమీదనే యుండవలెను. దీనిలో దేశాంతర వాణిజ్యమునకు ప్రసక్తి యేమి యని శ్రోతలకు తోచవచ్చును. మన దేశమున ఎఱ్ఱచందనపు వాడుక మిక్కిలి స్వల్పము. వైద్యులు కొంత వాడుదురు. తిరుపతి ప్రాంతపు శిల్పులు దానితో బొమ్మలు చెక్కుదురు. ఇండ్లలో సానమీద అరగదీసి వాపులకు పట్టు వేయుట కలదు. అక్కఱ ఇంతమాత్రమే యైనచో కొండలు బోడిగావు. కాని ఈ కఱ్ఱను మక్కువతో కోరువారు సముద్రమున కావల నున్నారు. గొడ్డలి మన కొండమీదనే పడుచున్నను, దానిని పడజేయు ధర వేఱొక దేశపు అంగడిలో నిర్ణయమగుచున్నది. కావున ఈ చెట్టునకు కొండవద్ద ఒక కావలియు, రేవువద్ద మఱియొక కావలియు కావలెను. ఆ రెండవ కావలి యెట్టిదో, దాని బలమెంతయో, దాని లోపములేవియో విచారించుటయే నా ఉద్దేశము.

ఎఱ్ఱచందనము సారవంతమైన నేలను కోరదు. ఎండకు మాడిన రాతిగుట్టలలో, వానలేమి నోర్చుకొని నిలుచును. బెరడు నల్లనై, మొసలి వీపువలె పలకలు పలకలుగా చీలియుండును. దానికి గాటు పెట్టినచో ఎఱ్ఱని రసము స్రవించును. పూలు పసుపుపచ్చనివి, కాయలు గుండ్రనివై చుట్టును ఱెక్కగలవి. దాని చేవ నీట వేసిన మునుగునంత బరువైనది. అట్టి చేవ యేర్పడుటకు దశాబ్దములు పట్టును. నఱకుటకు ఒక్క రాత్రి చాలును. నఱికిన మోడునుండి చిగుళ్లు పొడుచుట నిజమేగాని, ఆ చిగురు చేవగల మ్రానగునప్పటికి ఒక తరము గడచిపోవును.

ఈ కఱ్ఱకు విదేశముల గిరాకి నిన్న మొన్న పుట్టినది కాదు. దీని చేవయందు శాంటలిన్ అను ఎఱ్ఱరంగు కలదు. వెనుకటి శతాబ్దములలో కోరమండల తీరమునుండి ఐరోపా వర్తకుల ఓడలు దీనిని అద్దకపు రంగుకొఱకు కొనిపోయెడివి. రసాయనపు రంగులు వెలసిన పిమ్మట ఆ గిరాకి సన్నగిల్లినది. జపానువారు షామిసెన్ అను మూడు తంత్రుల వాద్యపు మెడను దీనితో చేయుదురు. చైనాదేశమున దీనికి జీతాన్ అని పేరు. మింగు, చింగు వంశముల చక్రవర్తుల నగళ్లలో ఆసనములును పేటికలును ఈ కఱ్ఱతో చేయబడెను. 1999వ సంవత్సరమున బీజింగు నగరమున ఈ కఱ్ఱపనులకే ప్రత్యేకముగా ఒక ప్రదర్శనశాల వెలసినది. 2000వ సంవత్సరమున చైనా ప్రభుత్వము విలువైన ఎఱ్ఱకఱ్ఱలకు ఒక జాతీయ ప్రమాణము నేర్పఱచి 33 జాతుల పేర్లు చెప్పగా, అందు జీతాన్ అను తరగతిలో నిలిచినది మన రక్తచందన మొక్కటియే. ఆ దేశమున సంపద పెరిగిన కొలది, పూర్వపు రాజభోగమును తమ యింట నుంచుకొనవలెనను కోరికయు పెరిగినది. కోరికతో ధర పెరిగినది. ధరతో మన కొండలమీద గొడ్డలి చప్పుడు పెరిగినది.

ఆ ధరలో చెట్టు నఱకినవానికి దక్కునది కొద్దిపాటి కూలి. దళారికి లాభము, రేవు దాటించినవానికి అంతకు మించిన లాభము. ఆపద వచ్చినప్పుడు మాత్రము ఈ వరుస తలక్రిందగును. 2013 డిసెంబరు నెలలో శేషాచలపు టడవిలో ఇద్దఱు అటవీ ఉద్యోగులు దొంగనఱకుదారుల చేత హతులైరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన అదే యడవిలో పోలీసు కాల్పులకు 20 మంది మరణించిరి. వారు తమిళనాడునుండి వచ్చిన కట్టెకొట్టువారు. ఆ కాల్పులను గూర్చి పెద్ద వివాదము చెలరేగినది. వివాద మెట్లున్నను ఒక్క సంగతి స్పష్టము. కావలివాని యింటను, కూలివాని యింటను దుఃఖము మిగిలినది. ఏ బేరము వలన ఈ మరణములు సంభవించెనో ఆ బేరము జరిగినచోట ఎవనికిని చీమ కుట్టినట్లైనను లేదు.

మన ప్రభుత్వములు ఊరకున్నవని చెప్పరాదు. అడవిలోని ఎఱ్ఱచందనమును దొంగతనముగా నఱకుట నేరము. అడవి దుంగల యెగుమతి నిషిద్ధము. 2014వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ దొంగరవాణా నరికట్టుటకు ప్రత్యేక దళమునే యేర్పఱచినది. ఐనను ఒక దేశపు శాసనము ఆ దేశపు పొలిమేర దాటిపోజాలదు. దుంగలను వేఱొక సరకు పేర పెట్టెల యడుగున దాచి ఓడ యెక్కించిరనుకొందము. ఓడ దిగినచోట దానిని దొంగసొత్తని పట్టుకొను శాసనము లేనియెడల, అచ్చట అది పదిమంది సరకువంటి సరకే. ఇచ్చట దొంగయైనవాడు అచ్చట గౌరవనీయుడైన వర్తకుడగును. ఈ సందును మూయుటకే దేశముల మధ్య ఒడంబడిక అవసరమైనది.

అట్టి యొడంబడిక 1973 మార్చి 3వ తేదీన వాషింగ్టన్ నగరమున కుదిరినది. 1975 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఆపదకు లోనైన వన్యజంతువుల, వృక్షముల అంతర్జాతీయ వాణిజ్యమును గూర్చిన యొడంబడిక యని దాని పేరు. ఆంగ్లపు పొడి యక్షరములను కూర్చి దానిని సైటీస్ అని వ్యవహరింతురు. భారతదేశము 1976వ సంవత్సరమున అందు చేరినది. నేడు 184 దేశములును, ఐరోపా సమాఖ్యయు అందు పక్షములుగా నున్నవి. ఇంతమంది ఏకమై యొక నియమమునకు కట్టుబడుట లోకమున అరుదైన విషయము.

ఈ యొడంబడికకు మూడు పట్టికలు కలవు. నశించిపోవు స్థితిలోనున్న జాతులు మొదటి పట్టికలోనివి. అడవినుండి తెచ్చిన వానితో వ్యాపారము చేయుట సాధారణముగా నిషిద్ధము. నేడు నశించు స్థితిలో లేకున్నను, వ్యాపారమునకు హద్దు లేనిచో ఆ స్థితికి దిగజాఱగలవి రెండవ పట్టికలోనివి. వానితో వ్యాపారము అనుమతిపత్రముతోనే జరుగవలెను. ఒకానొక దేశము తన జాతిని కాపాడుటకు ఇతరుల సాయము కోరినప్పుడు చేర్చబడునవి మూడవ పట్టికలోనివి. ఈ భేదమును శేషాచలపు కొండలమీదనే చూడవచ్చును. వెనుకటి మదరాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోము దొర పేరుగల సైకస్ చెట్టు ఈ కొండలకే పరిమితము. దాని మగ కంకులను బలమునకు మందని తెంపుకొనిపోవుటచే అది మిక్కిలి సన్నగిల్లినది. అది మొదటి పట్టికలో నున్నది. దాని పొరుగుననే పెరుగు ఎఱ్ఱచందనము, భారతదేశము కోరిన మీదట, 1995వ సంవత్సరమున రెండవ పట్టికలో చేరినది.

పట్టికలో పేరెక్కినంతమాత్రమున నేమి జరుగును? సరకు పంపు దేశమున ఒక పాలనాధికారియు, ఒక శాస్త్రాధికారియు నియమింపబడుదురు. ఈ సరకు శాసనబద్ధముగా లభించినదని మొదటివారు నిశ్చయింపవలెను. ఈ యెగుమతి వలన అడవిలో ఆ జాతి మనుగడకు హాని కలుగదని రెండవవారు చెప్పవలెను. ఈ రెండు మాటలును ఉన్నప్పుడే అనుమతిపత్రము వెలువడును. కొనునట్టి దేశము ఆ పత్రమును చూడనిదే సరకును దింపుకొనరాదు. పత్రము లేని దుంగను పట్టుకొనుట ఆ దేశపు సుంకపు టుద్యోగికి విధియైనది. చైనాయు, జపానును, సింగపూరును ఈ యొడంబడికలో నున్నవి. 1995వ సంవత్సరమునకు పూర్వము మన మొఱ మాత్రమే యైనది, ఆ పిమ్మట వారి శాసనముగూడ నైనది. దీనియందలి మేలు ఇదియే.

ఒడంబడిక చెట్టు పేరునే చెప్పుచున్నను, చెట్టుతోబాటు మఱి యెన్నియో ప్రాణములు బ్రదుకుచున్నవి. 2010వ సంవత్సరమున శేషాచలము జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. ఆ రాతిగుహలలో బంగారు వన్నె బల్లి కలదు; ఆ పొదలలో దేవాంగపిల్లి కలదు. అంతరించెనని లోకము చిరకాలము తలచిన కలివికోడి 1986వ సంవత్సరమున కడప సీమలోని లంకమల ప్రాంతపు చిట్టడవిలో మరల కనబడినది. కలివికోడికి సంతలో ధర లేదు. కాని దుంగలకొఱకు రాత్రులు తిరుగువారు వేయు దారులును, పెట్టు నిప్పును దాని బ్రదుకునకు చేటు. ధర పలుకు చెట్టును కాపాడినచో, ధర పలుకని పక్షియు దాని నీడను బ్రదుకును.

ఐతే ఈ కావలిలో లోపములు కలవు. మొదటి లోపము పట్టికలోని వ్రాతయందే యున్నది. ఎఱ్ఱచందనమునకు సంబంధించినంతవఱకు దుంగలు, ముక్కలు, పొడి, సారము మాత్రమే నియమమునకు లోబడినవి. పని పూర్తియైన బల్లయు, కుర్చీయు, బొమ్మయు దానికి లోబడవు. చిన్న శిల్పికి కష్టము కలుగరాదను నుద్దేశమున ఇది మేలే. కాని దొంగదుంగ ఒక్కసారి రంపమునకును ఉలికిని చిక్కి ఆసనముగా మాఱినచో, పిదప దానిని అడుగువాడు లేడు.

రెండవ లోపము మఱింత విశాలమైనది. ఒక చెట్టుకు కావలి బిగించినప్పుడు కొనువాని కోరిక చావదు. అది దాని దాయాదిని వెదకికొనును. ఎఱ్ఱకఱ్ఱల కోరిక పడమటి ఆఫ్రికాకు పోయి, రక్తచందనపు వర్గమునకే చెందిన టెరోకార్పస్ ఎరినేసియస్ అను చెట్టుమీద పడినది. సెనెగల్ దేశము మొఱపెట్టగా 2016వ సంవత్సరమున అది మూడవ పట్టికలోను, పిదప రెండవ పట్టికలోను చేరినది. అప్పటికిని నఱకుడు ఆగలేదు. 2022వ సంవత్సరమున ఆ చెట్టు పెరుగు దేశములనుండి దాని వ్యాపారమునే నిలిపివేయవలసినదని సైటీస్ సంఘము సిఫారసు చేయవలసి వచ్చినది. అదే సంవత్సరమున పనామాలో జరిగిన సభ ఆఫ్రికాలోని ఆ వర్గపు చెట్ల నన్నిటిని రెండవ పట్టికలో చేర్చినది. జాతి వెంబడి జాతిగా తలుపులు మూయుచు పోయినచో, తలుపు మూయునప్పటికే ఇల్లు ఖాళీయగుచున్నది. వర్గమంతటిని ఒక్కమాఱు పరికించుటయే మేలని ఈ యనుభవము నేర్పినది.

మూడవ చిక్కు పట్టుబడిన దుంగలను గూర్చినది. దొంగలవద్ద స్వాధీనము చేసికొనిన కఱ్ఱ మన గిడ్డంగులలో వేల టన్నులు పేరుకొన్నది. దానిని ఒక్కమాఱు అమ్ముకొనుటకు భారతదేశము 11,806 టన్నుల పరిమితిని ప్రకటించినది. ఆంధ్రప్రదేశమునకు అందు సుమారు 8,500 టన్నుల యెగుమతికి అనుమతి లభించి, 2014వ సంవత్సరమున లోకమునలుమూలలనుండి బేరగాండ్రను పిలిచి వేలము వేసిరి. ఖజానాకు ధనము వచ్చినది. కాని విచారింపవలసిన ప్రశ్న ఒకటి యున్నది. ఏనుగుదంతము విషయమున 1989వ సంవత్సరమున వ్యాపారము నిషేధించి, 1999లోను 2008లోను నిలువ దంతమును అమ్మనిచ్చిరి. ఆ యమ్మకము దొంగవేటను తగ్గించెనా, పెంచెనా యని శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుచున్నారు. తుదకు చైనా ప్రభుత్వము 2017వ సంవత్సరాంతమున తన దేశములోని దంతపు అంగళ్లనే మూసివేసినది. వేలపు దుంగతోబాటు దొంగదుంగ కలిసిపోకుండ గుఱుతులు, లెక్కలు కట్టుదిట్టముగా నుండనిచో, అమ్మకము కోరికను తీర్చుటకు బదులు దానిని పెంచి పోషించును.

ఇక్కడ మఱియొక శంక పొడసూపును. ఒక దేశము అడవుల పేర, ప్రాణుల పేర ఇతరుల సరకును అడ్డగించుట న్యాయమా? 1947వ సంవత్సరమున భారతదేశము సహా 23 దేశములు చేసికొనిన సుంకముల వాణిజ్యపు టొడంబడికలో 20వ ప్రకరణము దీనికి తావిచ్చినది: ప్రాణుల రక్షణకును, తఱిగిపోవు ప్రకృతి సంపద రక్షణకును అట్టి చర్యలు తీసికొనవచ్చును, కాని అవి పక్షపాతము కారాదు, రక్షణ ముసుగులో వ్యాపారపు టెత్తుగడ కారాదు. దీని యర్థము మన రొయ్యల విషయమున తేటపడినది. వలలలో సముద్రపు తాబేళ్లు చిక్కి చావకుండ తగిన పరికరమును వాడని దేశముల రొయ్యలను అమెరికా నిషేధించెను. భారతదేశము, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు ఫిర్యాదు చేసినవి. 1998వ సంవత్సరమున ప్రపంచ వాణిజ్య సంస్థ పైవిచారణ మండలి తీర్పు చెప్పుచు, తాబేళ్లను కాపాడు నుద్దేశము సక్రమమే యన్నది. కాని కొన్ని దేశములకు గడువును సాయమును ఇచ్చి, మనవంటి దేశములకు ఈయకుండుట పక్షపాతమన్నది. రక్షణ కోరువాడు బీదవానికి గడువును తోడ్పాటును ఈయవలెనను ధర్మము ఇందు స్థిరపడినది.

ఆ ధర్మము కఱ్ఱకును వర్తించును. 2017వ సంవత్సరారంభమునుండి శింశుప వర్గపు చెట్లన్నియు రెండవ పట్టికలో చేరగా, మన ఉత్తరదేశమున విరివిగా నాటి పెంచు శీషము చెట్టుగూడ అందు చిక్కినది. దానితో చిన్న వస్తువులు చేయు పనివారి యెగుమతులు ఏటికి సుమారు వేయి కోట్ల రూపాయలనుండి ఐదాఱు వందల కోట్లకు పడిపోయెనని ప్రభుత్వము తెలిపినది. 2022వ సంవత్సరమున పనామా సభలో మనవారు వాదింపగా, ఒక్కొక్క వస్తువు 10 కిలోగ్రాముల లోపున్నచో అనుమతిపత్రము అక్కఱలేదని తీర్మానించిరి. నియమము కఠినమైనను, పనివాని చేతిని చూచి సవరించుకొనగలదని దీనివలన తెలియుచున్నది.

రక్తచందనమును నాటిన మన రైతుల కథయు అట్టిదే. తమ సొంత చేనిలో నాటి, ఇరువదియైదు ముప్పది యేండ్లు కాచుకొన్న చెట్టును అమ్ముకొనుటకు వారు అడవిదొంగవలె అనుమానింపబడుచుండిరి. భారతదేశపు ఎఱ్ఱచందన వ్యాపారము 2004వ సంవత్సరమునుండి సైటీస్ వారి ప్రత్యేక పరిశీలనలో నుండెను. నాటి పెంచిన కఱ్ఱకు ఏటికి 310 టన్నుల పరిమితి యేర్పడెను. 2019వ సంవత్సరమున సొంత భూములలో పెంచిన దుంగల యెగుమతికి మన ప్రభుత్వము దారి తెఱచినది. 2023 నవంబరు నెలలో సైటీస్ స్థాయీసంఘము భారతదేశమును ఆ పరిశీలననుండి తొలగించినది. 2025వ సంవత్సరమున జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, ఈ కఱ్ఱ వ్యాపారమునుండి వచ్చిన లాభములో భాగముగా, ఆంధ్రప్రదేశమున 198 మంది పెంపకపు రైతులకు 3 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. మొత్తము పెద్దది కాదు. కాని చెట్టును పెంచినవానికి దాని ధరలో పాలున్నదని ఒప్పుకొనుట పెద్ద విషయము.

ఇంతలో అడవిలోని చెట్టు స్థితి కుదుటపడినదని తలపరాదు. 2018వ సంవత్సరమున ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని కొంత తేలికపాటి తరగతికి మార్చిరి. కొలది యేండ్లలోనే మరల ఆపదలోనున్న జాతులలో చేర్చవలసి వచ్చినది. కావున నేను నొక్కి చెప్పదలచినవి మూడు మాటలు. చేనిచెట్టునకును అడవిచెట్టునకును తేడా తెలియునట్లు నాటిననాడే లెక్క వ్రాసి, నఱకిననాడు గుఱుతు వేసి, ఆ గుఱుతు కొనువాని గుమ్మమువఱకు పోవునట్లు చేయవలెను. కొను దేశములు దుంగలను మాత్రమే కాక, తమ యంగళ్లలోని పెద్ద ఆసనముల పుట్టుకనుగూడ అడుగవలెను. చిన్న బొమ్మలు చేయు శిల్పిని మాత్రము బాధింపరాదు. వచ్చిన లాభములో కొంత పాలు, అడవి యంచున నివసించు పేదలకును, కూలికై గొడ్డలి పట్టువారి ఊళ్లకును చేరవలెను. లేనిచో వేఱొక కూలి దొరకనివాడు ఏ శాసనమునకును భయపడడు.

మొదటి రెండు మాటలు రేవు కావలిని గూర్చినవి. మూడవది కొండ కావలిని గూర్చినది. ఇవి యొకదానికొకటి తోడు గావలెను. రేవున కావలి లేనిచో కొండ కావలివాడు ఒంటరియై, ధరతో పోరాడవలసి వచ్చును. ఆ పోరాటమున అతడు గెలిచిన దినములు తక్కువ. ఒక చెట్టును పుట్టించు భాగ్యము మన కొండలకు మాత్రమే దక్కినది. దానిని నిలుపు బాధ్యత మాత్రము మనదియు, దానిని కోరి కొనువారిదియు గూడ. ఈ సంగతిని ఒడంబడికలలో వ్రాసికొనుట ఇదివఱకే జరిగినది. దానిని ప్రతి రేవునందును, ప్రతి యంగడియందును ఆచరింపజేయుట ఇక జరుగవలసియున్నది.